కాగితము లేని దస్తరము: యంత్రపు లెక్కలు చెప్పు ఫైళ్ళపై ఒక విమర్శ

నాగర్‌కర్నూలు జిల్లా కోడేరు మండలములో పొలము గల ఏ కుటుంబమునకైనను పహాణీ అను మాట కొత్తది కాదు. సర్వే నంబరు, విస్తీర్ణము, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, వేసిన పంట, నీటి ఆధారము, ఇవన్నియు గడులు గీసిన కాగితముపై ఏటేట పట్వారీ వ్రాసెడివాడు. 1954-55 నాటి ఖాస్రా పహాణీని నేటికిని భూమి తగవులలో సాక్ష్యముగా చూపుదురు. ఆ దస్తరమునకు ఒక గుణము, ఒక దోషము కలవు. గడులు మారవు, ఏ గడిలో ఏమి వ్రాయుదురో తెలిసినవాడు ఏ ఊరి పహాణీనైనను చదువగలడు. ఇది గుణము. ఇక దోషమేమనగా, అది వ్రాసిననాటి మాట. పొలములో వేరుసెనగ తీసి వరి నాటినను, మరల వ్రాయువరకు పుస్తకములో వేరుసెనగయే యుండును.

కంప్యూటరులో కూడ ఇట్టి దస్తరమొకటి కలదు. లినక్సు కెర్నెల్‌తో నడచు యంత్రములలో, బల్లమీది కంప్యూటరు మొదలు రైతు జేబులోని ఆండ్రాయిడు ఫోను వరకు, ‘ప్రోక్’, ‘సిస్’ అను పేర్లు గల రెండు డైరెక్టరీలు ఉండును. యంత్రములో ఎన్ని ప్రాసెసర్లున్నవి, మెమొరీ ఎంత, బ్యాటరీలో విద్యుత్తు ఎంత మిగిలినది, ఏ ఉపకరణము ఎచట తగిలియున్నది అను ప్రశ్నలకు సమాధానములు అందులోని ఫైళ్ళలో దొరకును. వీటి గుణదోషములు పహాణీకి సరిగా తలక్రిందులు. ఇందులోని మాట చదివిన క్షణమునాటిదే. గడులు మాత్రము అంతగా నమ్మదగినవి కావు. గత నలుబదియేండ్లలో ఈ ఏర్పాటునకు వచ్చిన మెప్పును, తిట్టును చాలవరకు ఈ ఒక్క సంగతినుండియే పుట్టినవి.

ఆపరేటింగు సిస్టములో అన్నిటికంటె లోపల నుండి, ప్రాసెసరును, మెమొరీని, ఉపకరణములను స్వయముగా ఏలు భాగమును కెర్నెల్ అందురు. మిగిలిన ప్రోగ్రాములు సాధారణముగా ఉపకరణములను నేరుగా తాకరాదు. కెర్నెల్‌ను అడిగి పని చేయించుకొనవలెను. ఆ కోరికలలో మిక్కిలి సామాన్యమైనవి ఫైలును తెరచుట, చదువుట, వ్రాయుట, మూయుట. ‘చదువుము’ అను కోరిక వచ్చినపుడు, ఆ ఫైలు ఏ ఫైలు వ్యవస్థకు చెందినదో కెర్నెల్‌కు తెలిసియుండును. ప్రతి వ్యవస్థయు తన చదువు పనిని, వ్రాత పనిని చేయు ఫంక్షనుల చిరునామాలను ఒక పట్టికగా ముందే ఒప్పగించి యుండును. డిస్కుపై నున్న ఫైలైనచో, అట్టి ఫంక్షను డిస్కునుండి అక్షరములను తెచ్చును. ప్రోక్‌లోని ఫైలైనచో డిస్కుతో పనియే లేదు. కెర్నెల్ తన మెమొరీలో ఉంచుకొన్న లెక్కలను ఆ ఫంక్షను చూచి, అప్పటికప్పుడు అక్షరములుగా కూర్చి, అడిగిన ప్రోగ్రాము చేతికిచ్చును. పుస్తకము తెరచిన ప్రతిసారియు పట్వారీ పొలమునకు పరుగెత్తి చూచివచ్చి, అచటనే వ్రాసి చూపినట్లు!

దీనిని తరగతిలోనే పరీక్షింపవచ్చును. ప్రోక్‌లో ‘మెమ్‌ఇన్ఫో’ అను ఫైలు కలదు. డైరెక్టరీ జాబితాలో దాని పరిమాణము సున్న బైట్లని కనబడును. తెరచి చదివినచో పదుల కొలది పంక్తులు వచ్చును. సున్న బైట్ల ఫైలులో ఇన్ని పంక్తులెట్లున్నవని ఏ విద్యార్థియైనను అడిగినచో, పాఠము సగము ముగిసినట్లే. చదువకముందు ఆ ఫైలులో ఏమియు లేదు. కావున దాని పొడవు ఇంతయని చెప్పుటకు వీలులేదు. సిస్‌లోని ఫైళ్ళు తరచు 4096 బైట్లని చెప్పును. లోపల చూచినచో రెండు మూడు అక్షరములే యుండవచ్చును. ఆ 4096 ఫైలు పొడవు కాదు, అనేక యంత్రములలో మెమొరీని పంచుకొను పుట పరిమాణము.

ఇట్టి వాటిని వర్చువల్ ఫైలు వ్యవస్థలందురు. తెలుగున మిథ్యా ఫైలు వ్యవస్థలనవచ్చును. ఇచట మిథ్య ఫైలుకే గాని అందులోని విషయమునకు కాదు. విద్యార్థులు తరచు కలగలుపు సంగతి మరొకటి కలదు. అన్ని రకముల ఫైలు వ్యవస్థలను ఒకే తీరున పిలువగలుగునట్లు కెర్నెల్‌లో నున్న మధ్యపొరను కూడ వర్చువల్ ఫైలు వ్యవస్థయనియే పిలుతురు. ఆ పొర లేనిదే ప్రోక్ లేదు. అయినను రెండును ఒకటి కావు.

ఈ ఏర్పాటునకు ముందు యంత్రము తన సంగతులనెట్లు చెప్పెడిదో తెలిసినగాని దీని విలువ తెలియదు. ట్రాంబేలో రూపొందిన టి.డి.సి.-12 అను 12 బిట్ల కంప్యూటరు 1969 నాటిది. 1967లో హైదరాబాదున అయ్యగారి సాంబశివరావు నాయకత్వమున నెలకొన్న ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా అట్టి యంత్రములను తయారుచేసి అమ్మెను. ఆ తరపు చిన్న కంప్యూటర్ల ముందుపలకపై వరుసగా దీపములుండెడివి. ఏ దీపము వెలిగినదో, ఏది ఆరినదో చూచి, రిజిస్టరులోని సంఖ్యను మనసులోనే కట్టుకొనగలవాడే ఆపరేటరు. యంత్రమెదుట నిలబడినవానికి తప్ప మరెవరికిని ఆ వార్త అందదు.

యూనిక్సు దీనిని కొంత మార్చెను. బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ 1969లో మొదలిడిన ఈ వ్యవస్థ, ఉపకరణములకు కూడ ఫైళ్ళవలెనే పేర్లు పెట్టెను. 1974 జూలైలో ప్రకటించిన వ్యాసములో వారు దీనిని ముఖ్య విశేషముగా చెప్పిరి. ముద్రణ యంత్రమునకు పంపుటయు ఫైలులో వ్రాయుటయు ఒకే పని అయ్యెను. అయినను, ఉపకరణముతో మాటలాడుటకు ఫైలు వచ్చినది గాని, కెర్నెల్ లోపలి లెక్కను అడుగుటకు ఫైలు రాలేదు. ఏయే ప్రోగ్రాములు నడచుచున్నవో చెప్పు ‘పిఎస్’ అను ఆదేశము కెర్నెల్ మెమొరీని నేరుగా త్రవ్వి చూచెడిది. ఏ సంగతి ఏ చిరునామాలో ఉన్నదో దానికి ముందే తెలియవలెను. కెర్నెల్‌లో ఒక పట్టిక ఆకృతి మారినచో పిఎస్‌ను గూడ మరల కూర్పు చేయవలసి వచ్చెడిది. ఇంతేగాక, కెర్నెల్ మెమొరీయంతయు చూచు అధికారము ఆ ప్రోగ్రామునకు ఈయవలసి యుండెను. ఒక గడి చూపుటకు బీరువా తాళమంతయు ఇచ్చినట్లు.

బెల్ ప్రయోగశాలకే చెందిన టామ్ కిలియన్ 1984లో ‘ఫైళ్ళుగా ప్రక్రియలు’ అను భావముగల వ్యాసమున దీనికి మందు చూపెను. యూనిక్సు ఎనిమిదవ కూర్పులో ప్రోక్ అను డైరెక్టరీ ఉండెను. అందులో నడచుచున్న ప్రతి ప్రక్రియకు ఒక ఫైలు. (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పటేలు, పట్వారీ పదవులను రద్దుచేసినది కూడ ఆ యేడే.) తరువాత అదే ప్రయోగశాలనుండి వచ్చిన ప్లాన్ 9 అను వ్యవస్థ, ఆ ఒక్కొక్క ఫైలును ఒక్కొక్క డైరెక్టరీగా మార్చి, స్థితిగతులను సాదా అక్షరములలో చూపెను. 1991లో హెల్సింకి విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ మొదలిడిన లినక్సు ఆ త్రోవనే పట్టినది. ఇచటివరకు కథ మెచ్చుకొనదగినదే. సాదా అక్షరము చదువగల ఏ ప్రోగ్రామైనను, ఆ మాటకొస్తే ఏ మనిషియైనను, ప్రత్యేక పరికరమేదియు లేకయే యంత్రమును ప్రశ్నింపగలిగెను.

చిక్కు ఆ సాదా అక్షరములలోనే యుండెను. లినక్సు ప్రోక్‌లో ప్రక్రియలతోబాటు క్రమముగా ప్రాసెసరు, మెమొరీ, డిస్కు విభాగములు, ఇంకను తోచినవెల్ల వచ్చి చేరినవి. ఏ ఫైలును ఎట్లు వ్రాయవలెనను నియమము లేదు. ఒకదానిలో పేరు, కోలను గుర్తు, విలువ. ఇంకొకదానిలో పేర్లే లేని సంఖ్యల వరుస. మరొకదానిలో శీర్షికలతో కూడిన పట్టిక. ‘సిపియుఇన్ఫో’ అను ఫైలు ఇంటెల్ జాతి ప్రాసెసరుపై ఒక విధముగను, ఆర్మ్ జాతి ప్రాసెసరుపై వేరొక విధముగను ఉండును. పహాణీ గడులను ప్రతి పట్వారీ తన ఇష్టము వచ్చినట్లు గీసికొన్నచో ఎట్లుండునో, అట్లున్నది.

కొలమానముల సంగతి ఇంకను విచిత్రము. మెమ్‌ఇన్ఫోలో దాదాపు ప్రతి సంఖ్యకు ప్రక్కన ‘కెబి’ అని వ్రాసియుండును. మెట్రిక్ పద్ధతి నేర్చిన విద్యార్థి దానిని 1000 బైట్లుగా గ్రహించుట సహజము. అచట ఉద్దేశించినది 1024. ఈ తప్పు అందరికిని తెలిసినదే; అయినను దిద్దుటకు వీలులేదు, దిద్దినచో ఆ అక్షరములను ఉన్నదున్నట్లు వెదకు ప్రోగ్రాములు తడబడును. ఇంతకంటె పెద్ద తప్పు చదివేవారు చేసినది. యంత్రములో ఖాళీగా ఎంత మెమొరీ యున్నదో తెలిసికొనుటకు చాలమంది ‘మెమ్‌ఫ్రీ’, ‘క్యాష్డ్’ అను రెండు గడులను కూడి లెక్కించుచు వచ్చిరి. ఒకప్పుడది దాదాపు సరియే. కాలక్రమమున క్యాషులో తేలికగా ఖాళీచేయరాని భాగములు చేరినవి. కూడిక తప్పైనది, గడుల పేర్లు మాత్రము మారలేదు. చివరకు 2014లో కెర్నెల్ 3.14 కూర్పున ‘మెమ్‌అవైలబుల్’ అను కొత్త గడిని చేర్చి, ఆ లెక్కను కెర్నెలే వేసి చెప్పసాగెను. గడి యొక్క అర్థమును చెప్పక సంఖ్యను మాత్రము బయటపెట్టినచో, అర్థమును చదువరియే కల్పించుకొనును. కెర్నెల్ రచయితలు ఇది గ్రహించుటకు ఇరువదియేండ్లకు పైగా పట్టినదనక తప్పదు.

ప్రోక్‌ను గూర్చిన విమర్శకు ఆయువుపట్టు ‘బోగోమిప్స్’ అను గడి. సెకనుకు పది లక్షల ఆదేశములను మిప్స్ అందురు. బోగో అనగా బూటకమని అర్థము. కెర్నెల్ మేల్కొనునపుడు, కొద్దిపాటి కాలము వృథాపుచ్చు ఒక చిన్న వలయమును త్రిప్పి, నిర్ణీత కాలములో అదెన్ని మారులు తిరిగినదో లెక్కించుకొనును. అది తన అవసరమునకై వేసికొన్న కొలత. యంత్రవేగమునకు కొలబద్ద కాదని పేరులోనే చెప్పిరి. అయినను దానిని సిపియుఇన్ఫోలో ముద్రించిరి. ముద్రించిన సంఖ్యను జనులు చదువకుందురా? ఆర్మ్ యంత్రములలో తరువాత వలయమునకు బదులు గడియారమునే వాడసాగిరి. దానితో ఆ గడికి మిగిలిన కొద్దిపాటి అర్థమును పోయెను. 2013లో ఆ జాతి యంత్రములకు ఆ పంక్తిని తీసివేసిరి. పంక్తిలేక కొన్ని ప్రోగ్రాములు పనిచేయకపోయెను. 2015 ఆరంభమున దానిని మరల పెట్టిరి. బూటకమని తానే పేరుపెట్టిన సంఖ్యను కెర్నెల్ నేటికిని చెప్పుచునే యున్నది.

దీనిని వెటకారము చేయుట తేలిక. కాని తిరిగి పెట్టిన నిర్ణయమును తప్పుపట్టుట న్యాయము కాదు. పైనున్న ప్రోగ్రాములు ఆధారపడిన దేనిని విరుగగొట్టరాదన్నది లినక్సు కెర్నెల్ పాటించు ప్రధాన నియమము. పదేండ్లనాటి ప్రోగ్రాము నేటి కెర్నెల్‌పై నడచుచున్నదన్నచో ఆ నియమమే కారణము. ఆలోచన లేక దానిని మొదట ముద్రించుటయే తప్పు. ఫైలు రూపమున ఏదైనను చూపుట ఎంత సులభమనగా, ఒక డ్రైవరు రచయిత నాలుగు పంక్తులు వ్రాసి ఒక సంఖ్యను బయటపెట్టగలడు. చూపిన తరువాత దానిని దాచుటకు మాత్రము ఎవరి తరమును కాదు. ఈ సౌలభ్యమే ఈ పద్ధతికి బలమని పొగడువారు, అదే దాని బలహీనత యని చెప్పరు.

ఈ అనుభవము నుండి పుట్టినది సిస్. 2001లో ప్యాట్రిక్ మోచెల్ లినక్సు కెర్నెల్‌కు ఒక కొత్త ఉపకరణ నమూనాను కట్ట మొదలిడెను. ప్రేరణ సమాచారము చూపుటకంటె వేరు: యంత్రమును నిదురపుచ్చుట. పెన్‌డ్రైవు ఒక హబ్బుకు, హబ్బు ఒక కంట్రోలరుకు, కంట్రోలరు ఒక ప్రధాన మార్గమునకు తగిలియుండును. నిదురపుచ్చునపుడు మొదట పెన్‌డ్రైవును, చివర మార్గమును ఆపవలెను. క్రమము తప్పినచో వ్రాయుచున్న సమాచారము నడుమనే ఆగిపోవును. అందుకు ఎవరికి ఎవరు తగిలియున్నారో తెలుపు వంశవృక్షము కెర్నెల్‌కు అవసరమయ్యెను. వృక్షమున్నపుడు దానిని డైరెక్టరీలుగా చూపుట సహజమే గదా! డ్రైవర్‌ఎఫ్‌ఎస్ అను పేరుతో ఉండిన ఆ వ్యవస్థ సిస్‌ఎఫ్‌ఎస్‌గా మారి, 2003 డిసెంబరున వెలువడిన 2.6 కెర్నెల్‌తో స్థిరపడెను.

సిస్ పెట్టుకొన్న కట్టుబాటు ఒక్కటి: సాధారణముగా ఒక ఫైలులో ఒక్కటే విలువ. బ్యాటరీ శాతము ఒక ఫైలు. తయారీదారు పేరు మరొక ఫైలు. కోలన్లు, శీర్షికలు, పట్టికలు లేవు. కొత్త సంగతి చేర్చవలెనన్నచో కొత్త ఫైలు చేర్చుదురు. పాతవాటిని చదువు ప్రోగ్రామునకు ఏ హానియు లేదు. ఒకే ఉపకరణము తన జాతిని బట్టి ఒకచోట, తగిలిన మార్గమును బట్టి మరొకచోట కనబడును. ఒకే మనిషి పేరు ఓటర్ల జాబితాలోను, రేషను కార్డులోను ఉన్నట్లు. ఆ చోట్లనున్నవి లంకెలు మాత్రమే. అసలు ఉపకరణము వృక్షములో ఒకే కొమ్మపై నుండును. పెన్‌డ్రైవు గుచ్చగానే వృక్షమున కొత్త కొమ్మ మొలచును, కెర్నెల్ ఆ వార్తను పైనున్న ప్రోగ్రామునకు పంపును. ప్రోక్‌తో పోల్చినచో ఇది ఎంతో శుభ్రమైన పని.

శుభ్రమైనదే గాని సంపూర్ణము కాదు. పాలమూరు వేసవిలో ఒక యంత్రపు బ్యాటరీ 42 డిగ్రీల సెల్సియస్ వేడెక్కినదనుకొందురు గాక. సిస్‌లో విద్యుత్సరఫరా జాతి క్రింద ‘టెంప్’ అను ఫైలును చదివినచో 420 అని వచ్చును. అచట కొలమానము డిగ్రీలో పదవ వంతు. ఉష్ణమండలముల జాతి క్రింద అదే ‘టెంప్’ అను పేరు గల ఫైలున, అంతే వేడికి 42000 అని వచ్చును. అచట కొలమానము డిగ్రీలో వెయ్యవ వంతు. రెండు ఫైళ్ళలోను అంకెలే గాని కొలమానము వ్రాసియుండదు. డిస్కు పరిమాణము చెప్పు ఫైలు, డిస్కులోని అసలు ఖండములెంత పెద్దవైనను, 512 బైట్ల ఖండములలోనే లెక్క చెప్పును. వీటి అర్థము కెర్నెల్‌తో వచ్చు పత్రములలో వివరింపబడి యుండును. యంత్రములోని ఫైలు మాత్రము ఏమియు చెప్పదు. భౌతికశాస్త్రపు ప్రశ్నపత్రములో కొలమానము వ్రాయని సమాధానమునకు మార్కులు కోయు ఉపాధ్యాయుడు దీనికెన్ని మార్కులు వేయునో!

ఒక ఫైలునకు ఒక విలువ యన్న నియమమునకు మరొక మూల్యము కలదు. బ్యాటరీలో మిగిలిన ఆవేశము ఒక ఫైలు, ప్రవహించు విద్యుత్తు మరొక ఫైలు. రెండింటిని చదువు నడుమ కొంతకాలము గడచును. ఆ రెండును ఒకే క్షణమునాటి కొలతలు కావు. నెమ్మదిగా మారు బ్యాటరీ విషయమున ఇది లెక్కకు రాదు. వేగముగ మారు సంఖ్యలను పోల్చునపుడు లెక్కకు వచ్చును. ఒక్కొక్క సంఖ్యకు తెరచుట, చదువుట, మూయుట అను మూడు కోరికలు. అంకెను అక్షరములుగా మార్చుట కెర్నెల్ పని, అక్షరములను మరల అంకెగా మార్చుట ప్రోగ్రాము పని. ఈ శ్రమను భరింపలేకయే, ఒక ప్రక్రియ యొక్క మెమొరీ పటమును చూపు ప్రోక్ ఫైలునకు, అక్షరములతో పనిలేక నేరుగా ప్రశ్నించు మార్గమును 2024లో కెర్నెల్ 6.11న చేర్చిరి. సాదా అక్షరములే చాలునను వాదము అన్నిచోట్ల నిలువలేదని దీనివలన తెలియును.

అసలు ఫైళ్ళే వద్దనువారును కలరు. ఓపెన్‌బిఎస్‌డి అను వ్యవస్థ 2015లో 5.7 కూర్పున ప్రోక్‌ను పూర్తిగా తీసివేసెను. ఆ వ్యవస్థలో నిర్ణీత ప్రశ్నకు నిర్ణీత ఆకృతిలో జవాబిచ్చు ‘సిస్‌కంట్రోల్’ అను పిలుపు ఆ పని చేయును. తెరచిన తలుపులెంత తక్కువైన అంత భద్రమని వారి వాదము. ఆ వాదమును త్రోసిపుచ్చుటకు వీలులేదని తరువాతి పరిశోధనలు చూపినవి.

ప్రోక్‌లో ‘ఇంటరప్ట్స్’ అను ఫైలు, ఏ ఉపకరణము ప్రాసెసరును ఎన్నిమారులు పిలిచినదో చెప్పును. చూచుటకు అమాయకమైన లెక్క. ఫోను తెరను వ్రేలితో తాకిన కొలది ఆ లెక్క పెరుగును. అది పెరుగు తీరును గమనించి, తెరను తెరచుటకు గీయు గుర్తును గూర్చి ఊహింపవచ్చునని 2016లో ప్రకటింపబడిన ఒక పరిశోధన చూపెను. 2020 నవంబరున ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయమువారును, వారి సహచరులును మరొక సంగతి బయటపెట్టిరి. ప్రాసెసరు ఎంత శక్తి వాడినదో మైక్రోజౌళ్ళలో చెప్పు ఫైలు సిస్‌లో నుండెను, ఎవరైనను చదువవచ్చును. ప్రాసెసరు శక్తి కొలతలోని హెచ్చుతగ్గులనుండి రహస్య కీలకములను గూడ రాబట్టవచ్చునని వారు నిరూపించిరి. వెంటనే లినక్సులో ఆ ఫైలును నిర్వాహకుడు తప్ప ఎవరును చదువరాదని కట్టడి చేసిరి. చూపిన దానిని దాచుట ఎవరి తరమును కాదను మాటకు ఇట్టివి మినహాయింపులు. భద్రత కొరకైనపుడే ఆ నియమము సడలును.

ఫోనులలో ఈ కట్టడి ఇంకను బిగిసినది. 2016 నాటి ఆండ్రాయిడు 7 నుండి ఒక యాపునకు ప్రోక్‌లో మరొక యాపు ప్రక్రియలు కనబడవు. ఇది సబబైనదే, ఇతరులు ఏ యాపు వాడుచున్నారో కనిపెట్టు హక్కు ఏ యాపునకును లేదు. కాని కొత్త ఫోనులలో పెక్కింట, సామాన్యమైన యాపునకు సిస్‌లోని బ్యాటరీ ఫైళ్ళు కూడ అందవు. బ్యాటరీ కొన్ననాడు ఎంత పట్టెడిది, నేడెంత పట్టుచున్నది అను రెండు సంఖ్యలను పక్కపక్కన చూచినచో దాని ఆరోగ్యము తెలియును. కొన్ననాడు 5000 మిల్లీ ఆంపియరు గంటలు, నేడు 4100 అయినచో నూటికి 82 వంతులు మిగిలినదన్నమాట. ఫోను కొన్నవానికి తన బ్యాటరీ లెక్క తనకే తెలియకుండుటను రక్షణ అనుట కష్టము. యాపునకు మూసిన తలుపు యజమానికి గూడ మూతపడినది; రెండింటికి తేడా చూపు ఉపాయము ఫోను తయారీదారులు వెదకవలసినది. పాత కంప్యూటరులో ఏ విద్యార్థియైనను చూడగలిగిన లెక్కలు, అంతకంటె ఎన్నో రెట్లు శక్తిగల ఫోనులో కనబడకుండుట విద్య దృష్ట్యా నష్టమే.

ఇంకొక హెచ్చరిక అవసరము. కెర్నెల్ పొలమునకు పరుగెత్తునన్నంతమాత్రమున అది తెచ్చునది సత్యమే కానక్కరలేదు. బజారులో తక్కువ ధరకు అమ్ము నకిలీ పెన్‌డ్రైవులు కొన్ని, లోపల కొద్దిపాటి చిప్పుండగా, తమ పరిమాణము ఒక టెరాబైటు అని చెప్పుకొనును. కెర్నెల్ ఆ మాటను అట్లే సిస్‌లో చూపును. ఉపకరణము తన్ను గూర్చి చెప్పుకొన్నది వినుట తప్ప కెర్నెల్‌కు వేరు దారి లేదు. నిజము తెలియవలెనన్నచో పెన్‌డ్రైవు నిండ వ్రాసి, మరల చదివి, సరిపోల్చవలెను.

కోడేరు వంటి మండల కేంద్రములోని ఉన్నత పాఠశాల విద్యార్థికి ఇందులో భాషా చిక్కు ఒకటి కలదు. హైదరాబాదులోని ‘స్వేచ్ఛ’ వంటి సంస్థల కృషివలన లినక్సు కంప్యూటరు పైభాగము, మెనూలు, కిటికీలు తెలుగులో దొరకుచున్నవి. ప్రోక్, సిస్ మాత్రము ఏ భాషలోనికిని రావు. ఆ పేర్లను ప్రోగ్రాములు అక్షరాక్షరము వెదకును గనుక వాటిని అనువదించుట కుదరదు, కూడదు కూడ. కావలసినది అనువాదము కాదు, గడుల వివరము. ఏ ఫైలు ఏమి చెప్పును, ఏ కొలమానములో చెప్పును, దానిని ఎంతవరకు నమ్మవచ్చును అను మూడు వరుసల పట్టిక తెలుగులో గోడకు అంటించినచో, ఆంగ్లము అంతగా రాని విద్యార్థికి కూడ యంత్రము నోరు విప్పును. ఈ ఫైళ్ళను బోధించునపుడు పేర్ల జాబితా ఇచ్చి వల్లె వేయించుట కంటె, ఒక్క ఫైలును పట్టుకొని నెలరోజులు పరిశీలింపజేయుట మేలు.

ఉష్ణోగ్రత ఫైలు అందుకు తగినది. మే నెలలో రోజుకు మూడుసార్లు చదివి, వెయ్యితో భాగించి, గదిలోని ఉష్ణమాపకపు అంకెతో గ్రాఫు గీయింపవచ్చును. ప్రాసెసరు పని పెరిగినపుడు గీత పైకి లేచుట, ఫ్యాను తిరుగగానే దిగుట కనబడును. కొందరి గ్రాఫులో గీత కదలక పోవచ్చును. కొన్ని మదర్‌బోర్డులలో ఒక ఉష్ణమండలపు ఫైలు ఎండాకాలమైనను చలికాలమైనను 27800 అనియే చెప్పును. చెప్పుచున్నది కెర్నెలే, కాని ఆ అంకె ఏ ఉష్ణమాపకము నుండియు వచ్చినది కాదు, బోర్డు చేసినవారు బయాసులో వ్రాసిపెట్టినది.